కాగితం మీద వస్తోంది, నోటికి రావడం లేదు

పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక పాఠకురాలు పంపిన సుదీర్ఘమైన ఉత్తరం ఇది. ఆమె 14 ఏళ్లుగా బడిపిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నారు. పెద్దవాళ్లకు నిత్యజీవితంలో పనికివచ్చే ఇంగ్లీషు నేర్పే సాయంత్రపు తరగతి ఒకటి నాలుగు నెలల క్రితం ఆమెకు అప్పగించారు. వారానికి మూడు రోజులు, రోజుకు గంట చొప్పున పాఠం. మొదటి వారం 16 మంది వచ్చారు, ఇప్పుడు 9 మంది మిగిలారు. అందరూ తెలుగువాళ్లే, అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఇంగ్లీషు అక్షరాలు దిద్దినవాళ్లే. వాళ్లలో 24 ఏళ్ల యువకుడు ఉన్నాడు, మొన్నటి వరకు 58 ఏళ్ల పెద్దాయన కూడా ఉన్నారు.

"యామ్, ఈజ్, ఆర్‌లతో మొదలుపెట్టి, వర్తమాన కాలాలు ముగించి, ఇప్పుడు భూతకాలానికి వచ్చాను. ఖాళీలు పూరించమంటే పదింట తొమ్మిది సరిగ్గా రాస్తారు. లేచి ఒక్క మాట చెప్పమంటే బల్లకేసి చూస్తారు" అని ఆమె రాశారు. ఒకరోజు ఆసుపత్రిలో తన విద్యార్థిని ఒకామె ఆవిడ కంటబడింది. కౌంటర్ దగ్గరి వ్యక్తి ఇంగ్లీషులో ఏదో అడిగితే, ఆ విద్యార్థిని చేతిలోని కాగితాన్ని ముందుకు తోసి ఊరుకుంది. వెనక్కి తిరిగి టీచరును చూసి, చూడనట్టే మొహం తిప్పుకొంది. మరో వారం, 58 ఏళ్ల పెద్దాయన తన కూతురి గురించి చెబుతూ "మై డాటర్ గో టు ఆఫీస్" అన్నారు. ఈమె "గోస్" అని మూడుసార్లు దిద్ది, మూడుసార్లూ చెప్పించబోయారు. వెనక ఎవరో నవ్వారు. ఆయన ఆ తరువాతి పాఠానికి రాలేదు, ఇప్పటికి మూడు వారాలైంది.

తరగతి నిర్వాహకులేమో గదిలో తెలుగు మాట వినిపించకూడదంటున్నారు. ఒక యువకుడు గ్రామర్ మొత్తం అయ్యాకే మాట్లాడతానంటున్నాడు. ఒక తల్లి తనకు గ్రామర్ వద్దని, పిల్లల టీచరుతో ఫోన్‌లో మాట్లాడగలిగితే చాలని అంటోంది. తన పద్ధతే తప్పా, తెలుగును నిషేధించాలా, తప్పులు ఎలా దిద్దాలి, ఆ పెద్దాయనకు ఫోన్ చేయాలా, చేస్తే ఏ భాషలో మాట్లాడాలి, అసలు ఈ తరగతి వదులుకోవడమే మంచిదా అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం చదివాక ముందుగా ఒక లెక్క వేశాను. నాలుగు నెలలంటే సుమారు 17 వారాలు, వారానికి మూడు గంటలు, మొత్తం 51 గంటలు. సెలవులు, వానలు, మీ జ్వరం, వాళ్ల ఇళ్లలో పనులు తీసేస్తే ఒక్కొక్కరికి 40 గంటల పాఠం అంది ఉంటుందేమో. భాషా సామర్థ్యాన్ని ఏ1 నుంచి సీ2 వరకు ఆరు మెట్లుగా వివరిస్తూ కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన కొలమానం మీకు తెలిసే ఉంటుంది. అందులో రెండో మెట్టు అయిన ఏ2 చేరడానికి ఉపాధ్యాయుల దగ్గర 180 నుంచి 200 గంటల పాఠం పడుతుందని కేంబ్రిడ్జ్ పరీక్షల సంస్థ స్థూలంగా అంచనా వేస్తుంది. ఆ ఏ2 మెట్టు మీద నిలబడ్డ మనిషి కూడా చిన్న చిన్న పలకరింపులు నడపగలడే తప్ప, సంభాషణను తనంతట తాను కొనసాగించేంతగా మామూలుగా అర్థం చేసుకోలేడని ఆ కొలమానమే చెబుతోంది. ఏ1 దగ్గర ఉన్నవాడికైతే, ఎదుటి మనిషి నెమ్మదిగా, అవసరమైతే మళ్లీ చెబుతూ, మాట అందిస్తూ సాయపడాలి. ఆసుపత్రి కౌంటర్ దగ్గర అంత ఓపిక ఉన్న మనిషి దొరకడం అరుదు. కాబట్టి ఆమె మౌనాన్ని మీ వైఫల్యానికి రుజువుగా తీసుకోకండి. 40 గంటలకు ఆ మౌనం మామూలే.

అయితే ఈ లెక్క మీకు పూర్తి ఊరట ఇవ్వదు, ఇవ్వకూడదు కూడా. ఆ 40 గంటల్లోనే ఆమె కౌంటర్ దగ్గర చెప్పగలిగిన వాక్యాలు కొన్ని ఉన్నాయి, వాటిని మీరు ఇంకా నేర్పలేదు. "ప్లీజ్ స్పీక్ స్లోలీ", "కుడ్ యూ సే దట్ అగైన్?", "కుడ్ యూ రైట్ ఇట్ డౌన్, ప్లీజ్?", "వన్ మినిట్, ప్లీజ్". మీ పుస్తకంలో "కుడ్" ఇరవయ్యో పాఠంలో వస్తుంది కాబట్టి అప్పటిదాకా ఇవి రావు. బడిపిల్లలకైతే ఆ క్రమం చెల్లుతుంది, ఎందుకంటే ఈ రోజు నేర్చిన "ఈజ్"తో అయిదేళ్ల తరువాత పని పడినా వాళ్లకు నష్టం లేదు. పెద్దవాళ్లు వచ్చే బుధవారం అవసరాన్ని జేబులో పెట్టుకుని మీ గదిలోకి వస్తారు. మీ పద్ధతి తప్పని నేను అనను, అది వేరే వయసు కోసం తయారైన పద్ధతి. పాఠ్యక్రమంలో గానీ, దిద్దుబాటులో గానీ, తెలుగు వాడకంలో గానీ మీరు పడుతున్న చిక్కులన్నీ ఈ ఒక్కచోటే ముడిపడి ఉన్నాయని నాకనిపిస్తోంది. ఇంట్లోనూ పనిలోనూ నలుగురికి చెప్పే స్థానంలో ఉన్న మనిషి మీ గదిలో అడుగుపెట్టగానే మూడో తరగతి పిల్లవాడైపోతున్నాడు.

పుస్తకం విషయంలో మీ ముందు మూడు దారులున్నాయి. మొదటిది, ఉన్నదాన్నే కొనసాగించడం. నిర్వాహకులు సంతోషిస్తారు, యువకుడు సంతోషిస్తాడు, మీకు కొత్త తయారీ ఉండదు. కానీ 16 మంది 9 మంది అయిన లెక్క ఆగుతుందని నేను అనుకోను. రెండోది, పుస్తకాన్ని పూర్తిగా పక్కనపెట్టి, వాళ్లు ఏం అడిగితే అది చెప్పడం. మొదటి రెండు వారాలు గది కళకళలాడుతుంది. ఆ తరువాత, ఏ రోజుకారోజు తోచింది చెప్పుకుంటూ పోవడం వల్ల, ముందు నేర్చినది మళ్లీ ఎదురుపడక మరిచిపోతారు. మీరూ అలిసిపోతారు. మూడోది కాస్త శ్రమతో కూడినది: పాఠం ఏమిటన్నది వాళ్ల జీవితం నుంచి తీసుకుని, పుస్తకాన్ని ఆ పాఠానికి తోడుగా, అవసరమైన పేజీ తెరిచే సాధనంగా వాడుకోవడం. నా మొగ్గు దీనివైపే. కానీ తయారీకి వారానికి అదనంగా రెండు గంటలైనా కేటాయించగలిగితేనే ఇది సాగుతుందని ముందే చెబుతున్నాను. ఆ సమయం మీకు లేకపోతే, మొదటి దారిలోనే ఉండి, ప్రతి పాఠంలో చివరి 20 నిమిషాలు మాత్రం సందర్భానికి ఇవ్వండి. అరకొరగా నడిచే మూడో దారికన్నా అది మెరుగు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, ఒక పాఠం మొత్తం తెలుగులోనే గడపండి. గత వారంలో ఇంగ్లీషు రాక ఎక్కడ ఆగిపోయారో ఒక్కొక్కరినీ అడగండి. ఎవరితో, ఏం అడిగారు, మీరు ఏం చెప్పాలనుకున్నారు అన్న మూడు ప్రశ్నలు చాలు. 9 మంది చెబితే 20, 30 సందర్భాలు వస్తాయి, వాటిలో సగం ఒకదానితో ఒకటి కలిసిపోతాయి. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ మార్చుకోవడం, ఫారం నింపేటప్పుడు అడగడం, పిల్లల టీచరుతో మాట్లాడటం, పనిచోట ఆలస్యానికి కారణం చెప్పడం, పాడైన వస్తువు గురించి ఫిర్యాదు చేయడం వంటివే ఎక్కువగా తేలతాయి. మీ మిగతా ఏడాది పాఠ్యక్రమం ఆ కాగితమే. 1963లో బ్రెజిల్‌లోని ఆంజికోస్ అనే ఊళ్లో పావ్‌లో ఫ్రేరీ అనే విద్యావేత్త బృందం దాదాపు 300 మంది శ్రామికులకు చదవడం రాయడం నేర్పినప్పుడు, వాళ్ల బతుకులోంచి ఏరిన మాటలతోనే పాఠాలు కట్టింది. అది అక్షరాస్యత, మనది పరభాష, రెండూ ఒకటి కావు. కానీ పెద్దవాళ్లు తమకు పనికివచ్చే మాటకు వెంటనే కట్టుబడతారన్న సంగతి రెండుచోట్లా ఒకటే.

ఎన్ని మాటలు నేర్పాలో అన్న భయం అక్కరలేదు. పాల్ నేషన్, డేవిడ్ క్రాబ్ అనే ఇద్దరు 1991లో, కొత్త దేశంలో కొద్దికాలం నెగ్గుకురావడానికి ఎన్ని మాటలు కావాలో లెక్కగడితే, పలకరింపులు, అంకెలు, అడగడాలు, దారి తెలుసుకోవడాలు, "నెమ్మదిగా చెప్పండి" వంటివన్నీ కలిపి సుమారు 120 మాటలు, పదబంధాలు తేలాయి. మీ విద్యార్థులు అంత ఖాళీ చేతులతో రాలేదు కూడా. టైమ్, లేటు, ఫోన్, ఫారం, టికెట్, డాక్టరు, ప్రాబ్లమ్, అడ్రస్, క్యాన్సిల్, కన్‌ఫర్మ్, ఛార్జీ, రిపేరు... ఇవన్నీ వాళ్లు రోజూ తెలుగు వాక్యాల మధ్య వాడుతున్న ఇంగ్లీషు మాటలే. బోర్డు మీద వాళ్ల చేతనే రాయించండి, అరగంటలో 200 దాటుతాయి. "అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేయాలండీ" అనగలిగిన మనిషిని "ఐ వాంట్ టు క్యాన్సిల్ మై అపాయింట్‌మెంట్" దగ్గరికి తీసుకెళ్లడానికి కొత్తగా నేర్పాల్సింది చాలా తక్కువ. తనకు ఏమీ రాదనుకుంటున్న మనిషికి తన దగ్గర ఉన్నది చూపించడం కన్నా మంచి మొదటి పాఠం నాకు తెలియదు.

మాటలు వచ్చినా వాక్యం ఎందుకు కుదరదంటే, మన వాక్యంలో క్రియ చివర కూర్చుంటుంది, ఇంగ్లీషువాళ్ల వాక్యంలో నడిమధ్యకు వస్తుంది. మనకు విభక్తి మాట వెనక చేరుతుంది, వాళ్లకు ముందు నిలబడుతుంది. ప్రశ్న అడగడానికి మనకు చివర ఒక దీర్ఘం చాలు, వాళ్లకు "డూ", "డజ్", "డిడ్" వెతుక్కోవాలి. ఇవన్నీ సూత్రాలుగా చెబితే తలకెక్కవు. ఒక్కొక్కటీ పూర్తి వాక్యంగా, పాట పల్లవిలా నోటికి పట్టేదాకా అనిపిస్తే పట్టుబడతాయి. కొన్నిచోట్ల మాత్రం తెలుగుతో పోలిక ఒక్క దెబ్బకు పది వాక్యాలు తెచ్చిపెడుతుంది. "నాకు ఇద్దరు పిల్లలు ఉన్నారు", "నాకు తలనొప్పిగా ఉంది", "నాకు టైమ్ లేదు", "నాకు ఒక ప్రశ్న ఉంది" అన్న వాక్యాలన్నీ మనకు "నాకు"తో మొదలై "ఉంది" చుట్టూ తిరుగుతాయి. ఇంగ్లీషులో ఇవన్నీ "ఐ హ్యావ్" అన్న ఒక్క మేకుకు వేలాడతాయి: "ఐ హ్యావ్ టూ చిల్డ్రన్", "ఐ హ్యావ్ ఎ హెడేక్", "ఐ డోంట్ హ్యావ్ టైమ్", "ఐ హ్యావ్ ఎ క్వశ్చన్". (ఆ చివరి దాన్ని మనవాళ్లు "ఐ హ్యావ్ ఎ డౌట్" అంటారు. మన మధ్య అది చెల్లుతుంది, కానీ బయటివాళ్లకు అది మీ మాట మీద నమ్మకం లేదన్నట్టు వినిపించవచ్చు.)

ఇంకొక సంగతి, దీన్ని పుస్తకాలు పెద్దగా పట్టించుకోవు. మన పెద్దవాళ్లు ఇంగ్లీషులో నోరు మెదపకపోవడానికి భయం ఒక్కటే కారణం కాదు, మర్యాద తప్పుతుందేమోనన్న బెరుకు కూడా ఉంటుంది. తెలుగులో "ఆ ఫారం ఇవ్వండి" అంటే ఆ "అండి"లోనే గౌరవం ఉంది. అదే వాక్యాన్ని "గివ్ మీ ద ఫారం" అని మారిస్తే గౌరవం రాలిపోయి ఆజ్ఞ మిగులుతుంది. "మీరు", "నువ్వు" రెండూ "యూ" అయిపోయేసరికి, తనకన్నా పెద్దవాళ్లను "యూ" అనడానికి ఏదో తప్పు చేస్తున్నట్టుంటుంది కొందరికి. మన "అండి" ఇంగ్లీషులో "కుడ్ యూ"లోనూ, "ప్లీజ్"లోనూ, గొంతులోనూ ఉందని చెప్పండి. "కుడ్ యూ గివ్ మీ ద ఫారం, ప్లీజ్?" అన్నది మొదటి వారంలోనే నేర్పదగిన వాక్యం. ఇందులో ఏ కాలం ఉందో, అది ఏ క్రియారూపమో అడగనక్కరలేదు. మొత్తం ఒకే మాటగా నేర్చుకోనివ్వండి.

ఉచ్చారణ గురించి మీరు ఉత్తరంలో చాలా బాధపడ్డారు. నాకు అంత బాధ లేదు. మనది అజంత భాష కాబట్టి మాట చివర అచ్చు చేరి బస్సు, ఆఫీసు అవుతాయి. "వ"లో వీ, డబ్ల్యూ అన్న రెండు ఇంగ్లీషు అక్షరాలూ కలిసిపోతాయి. వినేవాళ్లకు అర్థమవుతున్నంత వరకు వాటిని వదిలేయండి. పని చెడగొట్టేవి మాత్రం పట్టుకోండి: థర్టీన్, థర్టీ; ఫిఫ్టీన్, ఫిఫ్టీ. డాక్టరు 3.15కు రమ్మంటే 3.50కి వెళ్లిన మనిషికి ఈ తేడా ఎంత ఖరీదో తెలుస్తుంది. అంకెలకు, తేదీలకు, సమయాలకు వారంలో ఒక పావుగంట విడిగా ఇవ్వడం ఎక్కువేమీ కాదు.

ఇప్పుడు మీ గదిలో ఎవరు మాట్లాడుతున్నారన్న విషయానికి వద్దాం. ఒక పాఠాన్ని ఫోన్‌లో రికార్డు చేసుకుని ఇంట్లో వినండి, ముందుగా వాళ్ల అనుమతి తీసుకోండి. మీ గొంతు 40 నిమిషాలు వినిపిస్తే ఆశ్చర్యపోకండి, మనందరికీ ఆ అలవాటు ఉంది. మిగిలిన 20 నిమిషాలను 9 మంది ఒకరి తరువాత ఒకరు పంచుకుంటే ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పైచిలుకు వస్తాయి. అదే 20 నిమిషాలు ఇద్దరిద్దరుగా, ఒకచోట ముగ్గురుగా కూర్చోబెట్టి మాట్లాడిస్తే దాదాపు అందరికీ పదేసి నిమిషాలు వస్తాయి. ఒకరి చేతిలో ఖాళీ ఫారం, మరొకరి చేతిలో ఊహించిన మనిషి వివరాల కాగితం పెట్టండి. అడిగితేనే ఫారం నిండుతుంది, కాబట్టి అడగక తప్పదు. ఫోన్ సంభాషణకైతే ఇద్దరినీ వీపులు ఆనించి కూర్చోబెట్టండి. మొహం కనిపించకపోతే ఇంగ్లీషు ఎంత కష్టమో, "సారీ, ఐ డిడన్ట్ గెట్ దట్" అన్న వాక్యం ఎంత ప్రాణాధారమో అప్పుడే తెలుస్తుంది.

ఒకే సంభాషణను మళ్లీ మళ్లీ చేయించడానికి మీరు వెనకాడుతున్నట్టున్నారు, విసుగు పుడుతుందని. జత మారితే విసుగు ఉండదు. ఒకే విషయాన్ని మొదట నాలుగు నిమిషాలు, వేరే మనిషికి మూడు నిమిషాలు, ఇంకొకరికి రెండు నిమిషాల్లో చెప్పించే పద్ధతిని కీత్ మారిస్ 1983లో వివరించాడు. మీవాళ్లకు నాలుగు నిమిషాలు మరీ ఎక్కువ, నిమిషంన్నర, నిమిషం, ముప్పావు నిమిషం చాలు. మూడోసారికి గొంతులో తడబాటు తగ్గడం మీకే వినిపిస్తుంది, అంతకన్నా ముఖ్యంగా వాళ్లకు వినిపిస్తుంది. ఆ వాక్యాలే మరుసటి పాఠంలో అయిదు నిమిషాలు, వారం తరువాత అయిదు నిమిషాలు మళ్లీ తేవడం మరువకండి.

తెలుగు నిషేధం గురించి నిర్వాహకులతో మీకు పేచీ ఉంది. వాళ్ల మాటలో కొంత నిజం ఉంది. అదుపు లేకపోతే తెలుగు వివరణలతోనే గంట గడిచిపోతుంది, విద్యార్థులకు అది హాయిగా కూడా ఉంటుంది. పూర్తిగా నిషేధిస్తే జరిగేది వేరు. బాగా వచ్చిన ఇద్దరు మాట్లాడతారు, మిగిలినవాళ్లు అర్థం కాలేదని కూడా చెప్పలేక తల ఊపుతారు, ఒక పావుగంటలో తెలుగులో తేలే అర్థాన్ని మీరు బొమ్మలతో, సైగలతో వెతుకుతూ ఉంటారు. తెలుగుకు ఒక చోటు, ఇంగ్లీషుకు ఒక చోటు గీసిపెట్టడం నడిమి దారి. పని ఏమిటో చెప్పడం, అర్థం సరిచూడటం, సందేహం తీర్చడం, మనసులో మాట చెప్పుకోవడం తెలుగులో. సాధన మొదలైన క్షణం నుంచి ముగిసేదాకా, గడియారం చూసి మరీ, ఇంగ్లీషులో. ఇరుక్కున్నవాళ్లకు "హౌ డూ యూ సే దిస్ ఇన్ ఇంగ్లీష్?" అన్న వాక్యం చేతికివ్వండి, అప్పుడు తెలుగు మాట కూడా ఇంగ్లీషు వాక్యంలోనే వస్తుంది. నిర్వాహకులతో సిద్ధాంత చర్చ వద్దు. ఒక నెల గడువు అడగండి, నెల మొదట, నెల చివర ఒక గంటలో ఒక్కో విద్యార్థి పలికిన ఇంగ్లీషు వాక్యాలు లెక్కపెట్టి చూపండి. సంఖ్య పెరగకపోతే వాళ్ల పద్ధతి ప్రయత్నించడానికి మీరు సిద్ధంగా ఉండాలి, అది కూడా ముందే ఒప్పుకోండి.

ఇక దిద్దుబాటు. ఇది మీ ఉత్తరంలో అన్నిటికన్నా ఎక్కువ నొప్పి ఉన్న చోటు, కాబట్టి నెమ్మదిగా చెబుతాను. ఆ పెద్దాయన "గో" అన్నారు, "గోస్" అనలేదు. 1974లో బెయిలీ, మాడెన్, క్రాషెన్ అనే పరిశోధకులు వేర్వేరు మాతృభాషల నుంచి వచ్చిన 73 మంది పెద్దల ఇంగ్లీషును పరిశీలించారు. మాతృభాష ఏదైనా, కొన్ని వ్యాకరణ రూపాలు మాటలో ముందు, కొన్ని వెనక కుదురుకోవడం కనిపించింది. "గోయింగ్"లోని "ఇంగ్" ముందు కుదురుకున్న వాటిలో ఉంది, "గోస్"లోని "స్" వెనకబడిన వాటిలో ఉంది. మీ పుస్తకం దాన్ని రెండో నెలలో పెట్టింది కాబట్టి కాగితం మీద రెండో నెలలో వస్తుంది, నోటికి మాత్రం తనకు వీలైనప్పుడే వస్తుంది. అంటే ఆయన చేసింది నిర్లక్ష్యం కాదు, మీరు చెప్పింది చాలకపోవడమూ కాదు. ఆ రోజు మీరు ఆయనను అడిగింది, ఆ దశలో చాలామందికి మాటల్లో కుదరని పని. పైగా ఆయన తన కూతురు ఉద్యోగం చేస్తోందని చెప్పబోయారు, ఆ వార్తకు మీరు జవాబు ఇవ్వనేలేదు.

దిద్దే తీరులు చాలా ఉన్నాయి, దేని ఫలితం దానిది. లిస్టర్, రాంటా అనే ఇద్దరు 1997లో కెనడాలో ఫ్రెంచిలో పాఠాలు నేర్చుకునే పిల్లల తరగతులను గమనించారు. అక్కడ ఉపాధ్యాయులు అన్నిటికన్నా ఎక్కువగా, సగానికి పైగా సందర్భాల్లో, పిల్లవాడి తప్పు వాక్యాన్ని తామే సరిచేసి తిరిగి పలికారు. పిల్లలు దానికి స్పందించింది మాత్రం అన్ని పద్ధతుల్లోకీ తక్కువగా, 31 శాతం సందర్భాల్లోనే. పిల్లలే సరైన రూపం వెతుక్కునేలా ప్రశ్నతో రాబట్టిన చోట ప్రతిసారీ స్పందన వచ్చింది. అవి పిల్లల తరగతులని గుర్తుంచుకోవాలి, నలుగురి ముందు వెతుక్కోవడం పెద్దవాళ్లకు మరో రకం పరీక్ష. అందుకని ఇలా ఆలోచించండి. మాట్లాడుతున్నప్పుడు అడ్డురాకపోతే వాళ్ల ధైర్యం నిలుస్తుంది, కానీ కొన్ని తప్పులు అలాగే గట్టిపడే ప్రమాదం ఉంది. "ఓ, షి గోస్ టు ఆఫీస్! విచ్ ఆఫీస్?" అని మీ మాటలోనే సరైన రూపం కలిపి సంభాషణ సాగిస్తే ఎవరూ చిన్నబోరు, కానీ తప్పు దిద్దినట్టు చాలామంది గమనించరు. సాధన అయ్యాక, ఆ రోజు విన్న అయిదారు తప్పులను ఎవరివో చెప్పకుండా బోర్డు మీద రాసి జతల్లో సరిచేయిస్తే గమనిక, మర్యాద రెండూ దక్కుతాయి, దానికి మీరు సాధన జరుగుతున్నంతసేపూ కాగితం పట్టుకుని తిరగాలి. నేనైతే రోజూ ఈ చివరి పద్ధతి వాడి, అర్థం తారుమారయ్యే తప్పును మాత్రం అక్కడికక్కడే, "థర్టీన్ ఆర్ థర్టీ?" అన్నట్టు ప్రశ్నగా అడుగుతాను. "గోస్"ను ఇంకో ఆరు నెలలు చూసీ చూడనట్టు వదిలేస్తాను.

నవ్విన మనిషి విషయం విడిగా తేల్చాలి. నలుగురి ముందు మందలిస్తే రెండో మనిషిని కూడా పోగొట్టుకుంటారు. పాఠం అయ్యాక పక్కకు పిలిచి చెప్పండి. చాలాసార్లు ఆ నవ్వు తన వంతు రాలేదన్న ఉపశమనమే తప్ప వెటకారం కాదు.

యువకుడి గ్రామర్ కోరికను కొట్టిపారేయకండి. పెద్దవాళ్లకు కారణం తెలిస్తే కుదురు వస్తుంది, అది వాళ్ల బలం. ముందు వాక్యం నోటికి పట్టించి, తరువాత పది నిమిషాలు దాని నిర్మాణం చెబితే అతనికీ న్యాయం జరుగుతుంది, మిగిలినవాళ్లకూ నష్టం లేదు. ఆ తల్లికి ఫోన్ సంభాషణ మొదటి నెలలోనే ఉంటుంది. తరగతిని రెండుగా విడగొట్టే ఆలోచన మీరు రాశారు. 9 మందిని విడదీస్తే జతలు మార్చడానికి మనుషులు ఉండరు, మీ గంటలు రెట్టింపు అవుతాయి. సంఖ్య మళ్లీ పదిహేను దాటితే అప్పుడు చూడవచ్చు.

తరగతి వదులుకోవడం గురించి కూడా అడిగారు. పెద్దలకు చెప్పడం మీకు ఇష్టం లేకపోతే మానేయడంలో తప్పేమీ లేదు, పిల్లలకు బాగా చెప్పేవాళ్లందరూ పెద్దలకు చెప్పాలన్న నియమం లేదు. కానీ ఇప్పుడే మానేస్తే, ఆ 9 మందిలో కొందరు "మనవల్లే టీచరు వెళ్లిపోయింది" అనుకునే అవకాశం ఎక్కువ. కొనసాగితే రెండు మూడు నెలలు మీ తయారీ శ్రమ పెరుగుతుంది, నిర్వాహకులతో మాట పడవచ్చు. ఒక నెల గడువు ఎలాగూ అడుగుతున్నారు, మీ నిర్ణయాన్ని కూడా ఆ నెల చివరికే ఉంచుకోండి. అప్పుడు మానేసినా, సందర్భాల కాగితం, రికార్డు చేసిన లెక్కలు తరువాత వచ్చేవారికి అప్పగించి వెళ్లవచ్చు.

ఆసుపత్రిలో కనిపించిన విద్యార్థినితో ఆ సంగతి మీరుగా ఎత్తకండి. వచ్చే వారం కౌంటర్ సంభాషణ పాఠంగా పెట్టండి, ఆ కౌంటర్ మనిషి పాత్ర మీరే వేయండి, కాస్త వేగంగా, కాస్త చిరాకుగా మాట్లాడండి. "ప్లీజ్ స్పీక్ స్లోలీ" అనడం అందరూ నేర్చుకుంటారు, ఆమె కూడా.

పెద్దాయనకు ఫోన్ చేయాలా అంటే, చేయకుండా ఉంటే ఆయన తనంతట తాను వచ్చే అవకాశం చాలా తక్కువ. ఇంకెవరి చేతనో కబురు పెడితే, తన సంగతి నలుగురిలో నలిగిందని ఆయనకు తెలుస్తుంది. మీరే చేయండి, పగటిపూట, ఆయన ఇంట్లో నలుగురి మధ్య లేని సమయం చూసి చేయండి. ఇంగ్లీషులో మాట్లాడితే ఆయనకు సాధన అవుతుందేమో అని మీరు రాశారు. వద్దు, తెలుగులోనే మాట్లాడండి. ఆ రోజు అన్నిసార్లు ఆపి దిద్దడం మీ పొరపాటేనని ఒక్క వాక్యంలో ఒప్పుకుని, "మీ అమ్మాయి ఉద్యోగం గురించి ఏదో చెప్పబోయారు, నేను విననే లేదండీ" అని అడగండి. ఆయన చెప్పినంతసేపు వినండి. పాఠాలు ఇప్పుడు మారుతున్నాయని, వచ్చే వారం ఏ సందర్భం చేస్తున్నారో చెప్పండి, రమ్మని ఒక్కసారే అడగండి. ఆయన చూద్దామంటే చూద్దామనే అనుకోండి, రెండోసారి ఫోన్ చేయవద్దు, జతలు వేసేటప్పుడు ఆయనకు ఒక కుర్చీ మాత్రం ఉంచండి.